తెల్లవారితే శుక్రవారం

నేను ఒక సన్నివేశాన్ని. తెర మీద ఆడేదాన్ని కాదు, నాలుగంటే నాలుగు వరుసలున్న పరీక్షను. చేతికి దొరకను, తూకానికి రాను, అమ్ముదామన్నా పాత సామాన్లవాడు కూడా కొనడు. అయినా రామచంద్రపురంలో ఒక కల్యాణ మండపం నా మాట మీద నడుస్తోంది. గొప్పలు పోతున్నానంటారా? పోనివ్వండి. నాకిప్పుడు నాలుగేళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో అది షష్టిపూర్తి చేసుకునే వయసు.

నన్ను పుట్టించింది ప్రవల్లిక. కాకినాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. ఆ మండపం బుకింగుల కోసం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామ్ రాసే పని ఆమె మీద పడింది. ఆమెదో పద్ధతి. ముందే ప్రోగ్రామ్ రాయదు. అది ఎలా నడుచుకోవాలో మామూలు వాక్యాల్లో రాసుకుంటుంది: ఫలానాది ఉంది, ఫలానాది చేశారు, అప్పుడు ఫలానాది జరగాలి. ఒక్కో వాక్యం వెనక చిన్న పైథాన్ ముక్క ఒకటి కడుతుంది. 'బిహేవ్' అనే పరికరం ఆ వాక్యాలను వరుసగా చదివి, ప్రోగ్రామ్ మాట నిలబెట్టుకుంటే పచ్చగా, తప్పితే ఎర్రగా చూపిస్తుంది. మనుషులకు ఇలాంటి ఏర్పాటు లేదు. ఉంటే చాలా ఇళ్ళలో గోడలు ఎర్రగా ఉండేవి.

ఈ పద్ధతిలో సుఖమేమిటంటే, ప్రోగ్రామ్ రాయడం రానివాళ్ళు కూడా చదివి తప్పులు పట్టవచ్చు. ఇక్కడ పట్టవలసిన మనిషి మండపం మేనేజరు వెంకటరత్నంగారు. ప్రవల్లిక మొదట వాక్యాలన్నీ ఇంగ్లీషులో రాసి పట్టుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి కాగితానికీ "ఆయ్, బాగుందండి" అన్నారు. ఆరో కాగితం తలకిందులుగా ఇచ్చింది. అదీ బాగుందన్నారు.

ప్రవల్లిక నవ్వుకుంటూ ఆఫీసుకు వచ్చేసింది. బిహేవ్‌కు తెలుగు కూడా వచ్చునని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఫైలు మొదట్లో భాష తెలుగని ఒక్క ముక్క రాస్తే చాలట. మర్నాడు తెలుగు కాగితాలతో వెళ్ళేసరికి రత్నంగారు వేరే మనిషైపోయారు. కుర్చీ ముందుకు లాక్కున్నారు, జేబులోంచి కలం తీశారు.

"ప్రతిదానికీ ముందు ఈ 'చెప్పబడినది' ఏంటండీ, ఎవరో కోర్టులో చదువుతున్నట్టు!"

"అది పరికరం పెట్టిన మాటండీ, నేను మార్చలేను."

"సరే, దాని ముచ్చట దానిది" అంటూ ఆయన చదువుకుపోయారు. ఒక చోట కలం ఆగింది. శుక్రవారం తెల్లవారుజామున 2.14 నిమిషాల ముహూర్తానికి హాలు శుక్రవారం ఇవ్వాలని రాసి ఉంది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"అమ్మాయిగారూ, ఈ రాత నేనూ రాశానండి, పన్నెండేళ్ళ కిందట. సుభాషిణి అని, మా పోస్టుమాస్టరుగారి పెద్దమ్మాయి. శుక్రవారం తెల్లవారుజామున పెళ్ళన్నారు. శుక్రవారం పేజీలో రాసేశాను. మరి పెళ్ళివారు గురువారం సాయంత్రమే దిగిపోతారు కదండీ! దిగారు. అప్పటికే హాల్లో ఇంకో పెళ్ళి జరుగుతోంది. ఆ పిల్లకి పక్కనున్న రైసుమిల్లు వాకిట్లో, టార్పాలిన్ కింద తాళి కట్టించానండి. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండును."

ప్రవల్లిక ఆ కాగితం తన వైపు తిప్పుకుంది. ఆయనే మళ్ళీ అన్నారు: "రెండేళ్ళలో నేను దిగిపోతానండి. నా తరవాత ఈ కుర్చీలో కూచునేవాడికి ఇదంతా ఎవరు చెబుతారు?"

"ఇది చెబుతుందండీ" అని ఆమె ఆ వాక్యం కొట్టేసి, ఆయన చెబుతుంటే కింద కొత్తగా రాసింది. అలా పుట్టాను నేను.

*సన్నివేశం: తెల్లవారితే శుక్రవారం*
*చెప్పబడినది గురువారం రాత్రి 2.14 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం అనగా, ముహూర్తం ఉంది*
*ఈ పరిస్థితిలో పెద్ద హాలు బుక్ చేస్తే*
*అప్పుడు గురువారం ఉదయం నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ హాలు ఇంకెవరికీ ఇవ్వకూడదు*

పుట్టినప్పుడు ఎర్రగా ఉన్నాను. అప్పటికింకా ప్రోగ్రామ్ రాయలేదు మరి. వారానికి పచ్చబడ్డాను. రత్నంగారు నన్ను అచ్చు తీయించి బల్లమీది అద్దం కింద పెట్టుకున్నారు. మాది ముప్పై సన్నివేశాల కుటుంబం. ఎన్ని పచ్చగా ఉన్నాయో ప్రతి శనివారం ఆయన ఫోనుకు లెక్క వెళ్ళేది. పంచాంగం చూసినంత శ్రద్ధగా చూసుకునేవారు.

ఆయన దిగిపోవడానికి రెండు నెలలుందనగా సుభాషిణిగారు మండపానికి వచ్చారు. ఆఖరి చెల్లెలికి పెళ్ళట. ముహూర్తం గురువారం రాత్రి రెండు దాటాక.

"బాబాయిగారూ, ఈసారి హాల్లోనే చేయిస్తారా, రైసుమిల్లువాళ్ళతో కూడా ఒక మాట చెప్పి ఉంచమంటారా?"

అందరూ నవ్వారు, రత్నంగారూ నవ్వారు. హాలు బుక్ చేశారు. ఆమె వెళ్ళాక మాత్రం చాలాసేపు అద్దం మీద చెయ్యి ఉంచి కూర్చున్నారు. అద్దం కింద ఉన్నది కూడా నేనే కనుక నాకు తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నిఖిలేశ్ నా బతుకులోకి వచ్చాడు. ఆఫీసులో కొత్తగా చేరాడు. మంచివాడే, శుభ్రత ఎక్కువ. ప్రవల్లిక వేరే పని మీద హైదరాబాద్ వెళ్ళిన వారం, ప్రోగ్రామ్‌లో తేదీలన్నీ ఒకే తీరున ఉండాలని సర్దడం మొదలుపెట్టాడు. రాత్రి పన్నెండు కొట్టగానే రోజు మారిపోయేలా చేసేశాడు. నేను భగ్గున ఎర్రబడ్డాను. "ప్రపంచమంతా పన్నెండింటికి మారితే వీళ్ళకు తెల్లారితే మారుతుందా!" అని విసుక్కుని, నా నెత్తిన 'స్కిప్' అని ఒక చీటీ పెట్టాడు. ఇక బిహేవ్ నన్ను చదవదు, దాటి వెళ్ళిపోతుంది. అరవడానికి నోరు లేదు. నాకున్నదల్లా ఒక రంగు, దాన్నీ తీసేసుకున్నాడు. నిజం చెబుతున్నాను, భయం వేసింది.

శనివారం లెక్క వెళ్ళింది. రత్నంగారు వెంటనే ప్రవల్లికకు ఫోన్ చేశారు.

"అమ్మాయిగారూ, ఇరవై తొమ్మిదే పచ్చగా ఉన్నాయండి. ఒకటి దాటేశారంట. ఏదండి అది?"

ఆమె ఫైలు తెరిచింది, చీటీ పీకేసింది. మళ్ళీ ఎర్రగా నిలబడ్డాను. ఎర్రగా ఉన్నందుకు అంత సంతోషపడిన పరీక్ష ఇంకొకటి ఉండదు. సాయంత్రానికి ప్రోగ్రామ్ దిద్దింది. అయితే ఈలోపే సుభాషిణిగారు తీసుకున్న గురువారం సాయంత్రం ఖాళీగా కనబడి, ఎవరో ఫోనులోంచి రిసెప్షన్‌కు హాలు తీసేసుకున్నారు. రత్నంగారు స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, జరిగిన పొరపాటు దాచకుండా చెప్పి, రిసెప్షన్‌కు ముహూర్తంతో పనిలేదు కనుక ఆదివారానికి మార్చుకోమని బతిమాలారు. ఆదివారమైతే జనం ఇంకా ఎక్కువ వస్తారని వాళ్ళూ సంతోషంగా ఒప్పుకున్నారు.

ప్రవల్లిక నిఖిలేశ్‌ను తిట్టలేదు. రత్నంగారు పంపిన శుభలేఖ చేతిలో పెట్టి, "తమ్ముడూ, ఈ పెళ్ళికి నువ్వు వెళ్ళిరా" అంది.

"నాకు వాళ్ళెవరూ తెలీదక్కా."

"అందుకే."

నేను ఏ పెళ్ళీ చూడలేదు, చూడబోను. ఆ శుక్రవారం పొద్దున్నే రత్నంగారి నుంచి ప్రవల్లికకు రెండు మాటలు వచ్చాయి: "హాల్లోనే అయిందండి." ఆ మాటను ఆమె ఆఫీసులో అందరికీ చదివి వినిపించింది.

రత్నంగారు దిగిపోయి రెండేళ్ళవుతోంది. ఆయన అడిగారని శనివారం లెక్క ఇప్పటికీ ఆయనకూ పంపుతున్నారు. ముప్పైమందిమీ పచ్చగా ఉన్నాం. ఈ జన్మకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆ పెళ్ళిలో రైసుమిల్లు కథంతా విని వచ్చిన నిఖిలేశ్, ఆ సోమవారం ఆఫీసుకు రాగానే నన్ను తెరిచాడు. మళ్ళీ ఏం చీటీ పెడతాడోనని బిగుసుకుపోయాను. నా పైన ఒక వరుస రాశాడు. యంత్రం చదవని వరుస అది, తరవాత వచ్చే మనుషుల కోసం రాసేది. ఇప్పటికీ అలాగే ఉంది:

*# ఇది సుభాషిణిగారి పెళ్ళి. తీసేయకండి.*