రెండుసార్లు కడిగిన బండి

సీటు ముందుకు జరిపే మీట ఎక్కడుందో అతనికి తెలుసు. అయినా ముట్టుకోలేదు. సంచిలోంచి మెత్త తీసి వీపు వెనక పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు ఒరిగి చూసి, కుదిరిందనుకున్నాక బ్రేకు మీద కాలు పెట్టాడు. పరాయి బండిలో సీటు జరపకూడదు, అద్దం తిప్పకూడదు, పాట మార్చకూడదు. దిగి వెళ్ళాక అక్కడ ఇంకొకడు కూర్చున్న ఆనవాలు ఉండకూడదు. డ్రైవరు పనిలో చేరిన నాటినుంచీ అతను పెట్టుకున్న నియమం ఇది.

మనిషి పొట్టి. బండ్లున్నవాళ్ళేమో ఎందుచేతనో అందరూ పొడుగు. అందుకని అతని భార్య కుట్టుమిషను దగ్గర మిగిలిన గుడ్డముక్కలు కలిపి, లోపల దూది దట్టించి ఈ మెత్త కుట్టి ఇచ్చింది. నీలం పూల గుడ్డ. ఒక మూల మాత్రం ఎరుపు. సర్వీసు సెంటర్లో అందరూ అతన్ని మెత్త అనే పిలుస్తారు, సగం ఆ దిండు వల్ల, సగం అతని తీరు వల్ల. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అన్నారు పెద్దలు. పెద్దలు చెప్పిన మాట అక్కడ ఇంకొక్కటీ ఎవరూ వినరుగానీ, ఈ ఒక్కటి మాత్రం పొల్లు పోకుండా పాటిస్తారు.

ఇళ్ళకు వెళ్ళి బండ్లు తేవడం, పనయ్యాక తిరిగి అప్పజెప్పడం, ఇదే అతని ఉద్యోగం.

కిటికీ అద్దం మీద ఎవరో వేలితో టకటకా కొట్టారు. బండి యజమానురాలి తల్లి. అద్దం దించాడు.

"ఇదెన్నోసారి నువ్వు తీసుకెళ్ళడం?"

"చాలాసార్లే అయిందమ్మా."

"మొదట వెనక కెమెరా అన్నారు. తర్వాత తలుపు గడియ అన్నారు. ఇప్పుడేమో నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోవచ్చు, బండి తెచ్చివ్వండి అని కంపెనీ వాళ్ళే మెసేజ్ పెట్టారు. ఆగిపోవచ్చేంటి, మొన్న ఆగనే ఆగింది. అంత పోసి కొన్నది మీ షెడ్డుకీ మా ఇంటికీ తిప్పుకోడానికేనా?"

"అమ్మా, ఆయన్ని అంటే ఏం లాభం?" అంది కూతురు గుమ్మంలోంచి. నడుం మీద ఒక చెయ్యి, తలుపు మీద ఒక చెయ్యి వేసుకుని నిలబడింది. పొట్ట బాగా కిందికి జారింది.

"ఈయన్ని కాక ఎవర్నననూ? మన గుమ్మంలోకి వచ్చేది ఈయనొక్కడేగా."

అదీ నిజమే అనుకున్నాడు మెత్త. బండి తయారుచేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో. అమ్మినవాడు అద్దాల గదిలో ఉన్నాడు. తిట్టు తగలడానికి ఎవరో ఒకరు దగ్గర్లో ఉండాలి కదా.

కూతురు నెమ్మదిగా రెండు మెట్లు దిగింది. "అంకుల్, నాకు నెలలు నిండాయి. మావారు ఊళ్ళో లేరు. నొప్పులొస్తే అమ్మే నడిపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈసారైనా బాగవుతుందా?"

"బాగుచేయించి సాయంత్రానికల్లా తెస్తానమ్మా."

ఈ మాట అతనిది కాదు. సర్వీసు సెంటరు వాళ్ళు నేర్పింది. చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది.

బండి చూడ్డానికి ముద్దుగానే ఉంది. ఎస్‌యూవీల్లో చిన్నది, ఖరీదులో మాత్రం పెద్దది. తోలు సీట్లు, చేతికి మెత్తగా తగిలే స్టీరింగు, తలెత్తితే ఆకాశం కనిపించే కప్పు. పైన పటారం, లోన లొటారం. పెద్ద వంతెన సగం ఎక్కిందో లేదో, బండి ఆగిపోయింది. దగ్గలేదు, వణకలేదు. స్టీరింగు ఒక్కసారిగా బిగుసుకుంది, కాలి కింద బ్రేకు రాయిలా గట్టిపడింది. ఎదురుగా తెర మీద మాత్రం 'దయచేసి సురక్షితమైన చోట ఆపండి' అని ఎర్రటి అక్షరాల్లో మర్యాదగా వచ్చింది. వంతెన మీద సురక్షితమైన చోటు ఎక్కడుంటుందో అది చెప్పలేదు.

వెనక లారీ. దాని హారను అతని వెన్నులో దూరింది. ఉన్న బలమంతా పెట్టి స్టీరింగు తిప్పి, బండిని అంచు గోడకు ఆనించినంత పని చేశాడు. లారీ పక్కనుంచి రాసుకుంటూ పోయింది. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "అంత బండిచ్చి కూర్చోబెడితే నిద్రపోతున్నావా?" అన్నాడు. మెత్త చెయ్యెత్తి క్షమించమన్నట్టు చూపించాడు. అది కూడా అలవాటే.

బండిని అలాగే గోడ పక్కన ఉంచి కూర్చున్నాడు. ఈ సీట్లో ఆ పెద్దావిడ, వెనక సీట్లో నొప్పులు పడుతూ ఆ పిల్ల. అతని కళ్ళకు ఇంకేమీ కనిపించలేదు. కాసేపయ్యాక స్టార్టు మీట నొక్కితే, బండి ఏమీ ఎరగని నంగనాచిలా స్టార్టయింది.

మెత్తకు కోపం రాదంటారు. రాక కాదు, వచ్చినప్పుడల్లా మింగాడు. మొదటి కొలువులో యజమాని తమ్ముడు తాగి కారు నడిపి ఒక సైకిలువాడి కాలు విరగ్గొట్టాడు. "నువ్వే నడిపావని చెప్పు. మేం చూసుకుంటాంగా," అన్నారు. చెప్పాడు. లైసెన్సు లాక్కున్నారు. అది తిరిగి వచ్చేదాకా ఇల్లు గడిచింది భార్య మిషను మీదే. చూసుకుంటామన్నవాళ్ళు చూసుకున్నది ఒక్కటే, ఒక ఎర్ర చొక్కా కొనిచ్చారు. ఆ చొక్కా అతను ఒక్కనాడూ తొడుక్కోలేదు, పారేయనూ లేదు. దిండుకు నీలం గుడ్డ చాలక మూల మిగిలిపోతే, భార్య అతన్ని అడక్కుండా ఆ చొక్కా కత్తిరించి అతికింది. "పెట్టెలో ఉండి ఏం చేస్తుంది, కనీసం వీపుకన్నా పనికొస్తుంది," అంది. ఆమెకు ఎంత కోపం ఉందో అతనికి అప్పుడు తెలిసింది.

సర్వీసు సెంటర్లో బండ్లు తీసుకునే అడ్వైజరుకు అతని వయసులో సగం ఉండదు. మెడలో టై, మొహాన ఎప్పుడూ ఒకే నవ్వు. పనుంటే బాబాయ్ అంటాడు, లేకపోతే ఓయ్ అంటాడు. మధ్యాహ్నం బాబాయ్ అని పిలిచాడు.

"ఆ బండి చూసేశాం బాబాయ్. నాలుగింటికి డెలివరీ ఇచ్చెయ్."

"సార్, పొద్దున వంతెన మీద ఆగిపోయింది. నా వెనకాల లారీ ఉంది."

"కంప్యూటర్ పెట్టి చూశాంగా. ఒక్క తప్పు కూడా చూపించట్లేదు."

"కంప్యూటరు వంతెనెక్కలేదు కద సార్."

అడ్వైజరు నవ్వాడు. బాగుందే అన్నట్టు పక్కవాడికేసి కూడా చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మార్చాల్సింది పెట్రోలు పంపు. అది ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో నాకే తెలీదు. అందాకా ఊళ్ళో ఇలాంటి బండ్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, ఇదొక్కటేనా?"

"వాళ్ళింట్లో నిండు గర్భిణి ఉంది సార్. మరి ఏం చెప్పను?"

"ఎప్పుడూ ఏం చెప్తావ్? అదే చెప్పు."

ఎప్పుడూ చెప్పేది, 'అంతా సరిచూశామండీ, నిశ్చింతగా తిరగండి.' మెత్త తలూపి వచ్చి, రేకుల నీడలో అన్నం డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. తినబుద్ధి కాలేదు. ఎదురుగా బండ్లు కడిగే మనిషి, అందరికీ అక్క, ఆ బండినే కడుగుతోంది. రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా దోపుకున్న చీర, నీళ్ళలో నాని తెల్లబారిన వేళ్ళు. తుడిచి, ఆరబెట్టి, అవతలికి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ పైపు లాక్కుంటూ ఆ బండి దగ్గరికే వచ్చింది.

అక్కడొక పద్ధతి ఉంది. బాగుచేసిన బండిని ఒకసారి కడుగుతారు. బాగుచేయనిదాన్ని రెండుసార్లు కడుగుతారు. ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ పైకి అనరు. టైర్లకు నల్లరంగు పూసి, తోలుకు నూనె రాసి, లోపల అత్తరు జల్లుతారు. బండి అలా తళతళలాడుతుంటే యజమాని మనసు సగం చల్లబడుతుంది, అడగాల్సిన ప్రశ్నలు సగం మరిచిపోతాడు. కుళ్ళు కనబడకుండా కడగడం ఒక విద్య. సిగ్గుమాలిన విద్య.

"ఇందాకేగా కడిగావు?" అన్నాడు మెత్త లేచి వెళ్ళి.

"మళ్ళీ కడగమన్నారన్నా." ఆమె అతని మొహంలోకి చూడలేదు. "ఎవరిదిది?"

"నెలలు నిండిన పిల్లది. రేపో మాపో ఇందులోనే ఆసుపత్రికి పోవాలట."

పైపులో నీళ్ళు కొంతసేపు ఊరికే నేలమీద పోయాయి. తర్వాత ఆమె బండి వైపు తిరిగింది. కడగక ఏం చేస్తుంది? అతను నడపక ఏం చేస్తున్నాడు గనక? ఆ మాట తనను తనే అడుక్కున్నాక మాత్రం మెత్తకు కోపం వచ్చింది. మింగబోయాడు. ఈసారి దిగలేదు.

నాలుగింటికి అతను బండెక్కి మెత్త సర్దుకున్నాడు. అత్తరు ఘాటుకు తల తిరిగింది. బయటికి దారి అదే ఆవరణలోని షోరూము ముందునుంచే. అక్కడ అచ్చం ఇలాంటిదే కొత్త బండి, పట్టుగుడ్డ కప్పుకుని ఉంది. కొన్నవాళ్ళు భార్యాభర్తలు, చిన్నపిల్లను ఎత్తుకుని నిలబడ్డారు. అక్కడికీ అడ్వైజరే వెళ్ళి, అదే నవ్వుతో గుడ్డ లాగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మెత్త గేటు దాకా వచ్చాడు. బండి దివ్యంగా నడుస్తోంది. గేటు స్తంభాల మధ్యకు రాగానే బ్రేకు తొక్కి, ఇంజను ఆపేసి, కిందికి దిగాడు.

అడ్వైజరు పరుగున వచ్చాడు. "ఏంటి, మళ్ళీ ఆగిందా?"

"లేద్సార్. నేనే ఆపాను."

"దారికి అడ్డం. తియ్యి."

మెత్త తియ్యలేదు. జేబులోంచి తన ఫోను తీసి నంబరు నొక్కాడు. తల్లే ఎత్తింది.

"ఏవయ్యా, బాగైందా?"

"కాలేదమ్మా. కడిగారంతే. పొద్దున మీ ఇంటినుంచి తెస్తుంటే వంతెన మీద ఆగిపోయింది. ఆ అమ్మాయిని ఇందులో ఎక్కించకండి."

"మరి సాయంత్రానికల్లా బాగుచేయించి తెస్తానని చెప్పావే?"

"అలా చెప్పమన్నారు. చెప్పాను."

అడ్వైజరు మొహంలో నవ్వు పోయింది. మెత్త ఆ మొహాన్ని నవ్వు లేకుండా చూడడం అదే మొదలు. "తాళం ఇటివ్వు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"తాళం వాళ్ళది సార్. వాళ్ళకే ఇస్తాను." అతను అరవలేదు. అరవడం ఎలాగో అతనికి అలవాటు లేదు. ఒంట్లో ఉన్నదంతా కోపమే అయినా గొంతు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. "ఇన్నాళ్ళూ మీరు చెప్పమన్నది నా నోటితో చెప్పాను. నా మొహం చూసి నమ్మి ఎక్కారు వాళ్ళు. మీ అబద్ధానికి నా నోరెందుకు సార్? మీకు లేదా నోరు?"

కొత్త బండి కొన్న భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమైంది? ఈ బండి కూడా మాదాని లాంటిదేనా?" అని అడిగాడు. అడ్వైజరు టై సర్దుకున్నాడు. అడిగినాయనకు జవాబు కళ్ళ ముందే ఉంది. మెత్త తాళం జేబులో వేసుకుని, రోడ్డు దాటి బస్సెక్కాడు. తాళం కాస్త దూరం పోగానే వెనక బండి తనంతట తనే గడియలు వేసుకుంది. ఏ రోజూ తప్పకుండా చేసే పని అదొక్కటే.

తాళం చేతికిస్తే ఆ పెద్దావిడ దాన్ని తిరగేసి మరగేసి చూసింది. "బండి లేకుండా తాళం తెచ్చినవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను."

"తాళం మీ దగ్గరుంటే బండిని కడిగి ఇంకొకడి చేత పంపలేరమ్మా."

"మరి నీ ఉద్యోగం?"

"పోయింది."

ఆమె తాళం కొంగున ముడేసుకుంది. తర్వాత తిట్టినట్టే, "నిలబడ్డావేం, కూర్చో. మంచినీళ్ళు తెస్తాను," అంది. ఇన్నిసార్లు వచ్చినా ఆ ఇంట్లో అతను కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీలో వెనక్కి ఒరగబోయి, వీపుకు ఏమీ తగలక ఉలిక్కిపడ్డాడు. సంచి తడిమి చూసుకున్నాడు. ఖాళీ.

ఇంటికి వెళ్తే భార్య మిషను ఆపి మొదట అడిగింది కూడా అదే. "మెత్తేదండీ?"

"బండిలో ఉండిపోయింది."

మిగతాదంతా విన్నాక ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ, "ఎప్పుడో అనాల్సిన మాట," అంది. ఆ సాయంత్రం మిషను రోజూకన్నా గట్టిగా తొక్కింది.

మర్నాడు పొద్దున పెద్దావిడ ఫోను చేసింది. టాక్సీలో వెళ్ళామనీ, వంతెన మీద ఆగలేదనీ, మనవరాలు పుట్టిందనీ, ఆ షోరూము వాళ్ళను ఊరికే వదలననీ అన్నీ ఒకే కోపంతో చెప్పి పెట్టేసింది. తర్వాత కడిగే అక్క చేసింది. బండి ఇంకా గేట్లోనే ఉందట. తాళం లేక చక్రాలు బిగుసుకుని, తోస్తే కదల్లేదట, క్రేను కోసం చూస్తున్నారట. కొత్త బండి వాళ్ళు నిన్న దాన్ని తీసుకోకుండానే నడిచి వెళ్ళిపోయారట, మళ్ళీ రాలేదట.

"దుమ్ము పట్టింది, కడుగు అన్నారన్నా. నేను కడగనన్నాను."

గేటులోంచి లోపలికీ బయటికీ పోయేవాళ్ళంతా ఆ బండి పక్కనుంచి ఒదిగి నడుస్తూ అద్దంలోంచి తొంగిచూస్తున్నారట. లోపల ఎవరూ లేరు. డ్రైవరు సీటుకు ఆనించి నీలం పూల మెత్త ఒకటి కూర్చుని ఉంది, దాని ఎర్రటి మూల అద్దం వైపుకు తిరిగి ఉంది.