చెప్పులు బయటే విడవవలెను

నేను ఒక ఎడమకాలి చెప్పును. ఎవరికి కోపం వచ్చినా ముందు నన్నే తలుచుకుంటారు, తీసి కొడతానంటారు. నాకే కోపం వస్తే దేన్ని తియ్యాలో ఎవరూ చెప్పలేదు. ఇవాళ నాకు కోపంగా ఉంది. అందుకే ఈ కథ చెబుతున్నాను.

నన్ను సోకుకి చెయ్యలేదు. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి వెనక సందులో మెత్తటి నల్ల రబ్బరు కోసి, మడమకి పట్టీ కుట్టి, నన్నూ నా కుడి జోడునీ తయారుచేశారు. సుగరు ముదిరి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు వేసుకునే చెప్పులం మేము. అలాంటి కాలికి ముల్లు దిగినా తెలియదు, నిప్పు తగిలినా తెలియదు. కాలికి తెలియనిదాన్ని మేం అడ్డుకోవాలి. అంతకు మించి మాకు వేరే పనిలేదు.

మమ్మల్ని నూకరత్నానికి రాసిన డాక్టరు గట్టిగానే చెప్పాడు. "మంచం దిగిన దగ్గర్నుంచీ ఇవి కాళ్ళకుండాలి. ఇంట్లో కూడా. పుండు పడిందంటే కాలు దక్కదు."

నూకరత్నం బుద్ధిగా తలూపింది. ఆమె ఊళ్ళో ఒక పెద్ద చీరల కొట్టులో చీరలు చూపించే పని చేస్తుంది. నలభై దాటాయి. ఆమె సుగరు ఏనాడూ ఎవరి మాటా విన్నది కాదు. డాక్టరు మాటలు విని నేను మాత్రం మురిసిపోయాను. చెప్పుల జాతిలో ఇంట్లోకి అడుగుపెట్టబోయే మొదటిదాన్ని నేనేననుకున్నాను.

ఆ సాయంత్రమే నా పొగరు అణిగింది. గుమ్మంలో అత్తగారు వీరవేణమ్మ అడ్డంగా నిలబడింది.

"ఇంట్లోకి చెప్పులేంటమ్మా? ఎదురుగా దేవుడి గూడు."

"డాక్టరుగారు ఏసుకోమన్నారండి, అత్తయ్యా."

"ఆయనకేం, చెప్తాడు. ఆయనింట్లో ఏసుకు తిరుగుతున్నాడేంటి?"

మేం మెట్టు మీదే ఉండిపోయాం. వీరవేణమ్మ చెడ్డది కాదు, అదే నాకు ఇంకా మంట. కోడలి కోసం రోజూ కాకరకాయ వేపుడు విడిగా చేసేది. పండగ పూట పరమాన్నం గిన్నె ఆమె కంటపడకుండా దాచేది. కోడలంటే అంత ప్రేమ ఉన్న మనిషి, ఆ కోడలి కాలికి కాపలా ఉన్నవాళ్ళని మాత్రం గుమ్మం దాటనివ్వలేదు.

సరే, కొట్టులోనైనా పనికొస్తామనుకున్నాను. అక్కడ గదినిండా తెల్లటి పరుపులు పరిచి ఉంటాయి. కొనేవాళ్ళు వాటి మీద కూర్చుంటారు, చూపించేవాళ్ళు ఒట్టికాళ్ళతో తిరుగుతారు. మేం మెట్ల కింద అరలో ఉంటాం. కడిగి తుడిచి వేసుకుంటానని నూకరత్నం ఒకసారి మేనేజరుని బతిమాలింది.

"పరుపంటే లక్ష్మీదేవమ్మా," అన్నాడాయన. "నువ్వేసుకుంటే రేపు ఇంకోళ్ళు ఏసుకుంటారు. అందరికీ ఒకటే రూలు."

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఆ కొట్టులో మధ్యాహ్నం అన్నం సాయంత్రానికి జరిగేది. మాత్ర మాత్రం పొద్దున్నే లోపలికి పోయేది. సుగరు పడిపోయి చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్ళు తిరుగుతుంటే కొనేవాళ్ళ కోసం తెచ్చిన కూల్‌డ్రింకు గటగటా తాగి మళ్ళీ చీరలు విప్పేది. మర్నాటి పరీక్షలో సుగరు ఆకాశంలో ఉండేది. "నోరు కట్టుకోవాలమ్మా," అనేవాడు డాక్టరు. చుట్టాలు మెంతులనేవాళ్ళు, నేరేడు గింజలనేవాళ్ళు, చివరికి వాళ్ళూ నోరు కట్టుకోమనేవాళ్ళు. ఆ నోటికి వేళకింత అన్నం పడనిచ్చిన మహానుభావుడు మాత్రం ఒక్కడూ లేడు.

మాఘమాసంలో జరగాల్సింది జరిగింది. చీర మడత అట్టకి గుచ్చిన గుండుసూది ఒకటి జారి పరుపు మీద పడింది. అది నూకరత్నం ఎడమ అరికాలిలో దిగింది. ఆమెకి తెలియలేదు. ఆ కాలితోనే ఇటు కంచి పట్టు, అటు ధర్మవరం అంటూ తిరిగింది. పెళ్ళివారిలో ఒకావిడ పరుపు చూసి, "పారాణి పెట్టుకున్నావేంటమ్మా? తెల్లగుడ్డంతా అంటుతోంది," అందట. అందరూ నవ్వారట. నూకరత్నం కూడా నవ్వి, కిందికి చూసుకుందట. సాయంత్రం మెట్ల మీద తోటి అమ్మాయితో చెబుతుంటే విన్నాను. మేనేజరు వెంటనే గుడ్డ మార్పించాడట. కాలి సంగతి ఆయన అడగలేదు.

ఆమె కాలు నాలో పెట్టగానే తడి నాకు తెలిసింది. ఇంట్లో పసుపు అద్దారు. సీజన్లో సెలవంటే ఇక రావద్దంటారని మర్నాడు మళ్ళీ పనికెళ్ళింది, మళ్ళీ నన్ను మెట్ల కింద విప్పింది. పుండు వాసన మొదట తెలిసింది నాకే. నాకు తెలిసి ఏం లాభం? నేను తోడున్నది దారి పొడవునా మాత్రమే. దెబ్బలన్నీ నేను లేని చోటే తగిలాయి.

కాలు నల్లబడ్డాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గది తలుపుకి ఒక బోర్డు ఉంది. 'చెప్పులు బయటే విడవవలెను.' నూకరత్నం గోడ పట్టుకుని వంగి, నన్ను విప్పి, కట్టు కట్టిన కాలు చల్లటి నేల మీద వేసుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది.

"మెత్తటి చెప్పులు రాశాను కదమ్మా. ఎందుకు వేసుకోలేదు?"

"ఏసుకునే వచ్చేనండి. బయట విప్పేను."

"ఎందుకు విప్పావు?"

"బోర్డుంది కదండీ."

ఆయన తల తిప్పి తలుపు కేసి చూశాడు. ఆ మొహం నేను బాగా చూశాను. తర్వాత చీటీ మీదికి వంగి, కాలు తియ్యకపోతే ప్రాణానికే ముప్పన్నాడు. లోపల మనిషి ఏడుస్తుంటే బయట ఆమె అరికాలి ఆకారంలో పడ్డ నొక్కు మోస్తూ నేను పడి ఉన్నాను.

ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. కుడికాలు నొక్కి చూసి, దానికీ స్పర్శ పోయింది, జాగ్రత్త అన్నారు. మొన్న మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే నా జోడు వెళ్ళొచ్చింది. బోర్డు అలాగే ఉందట. ఈసారి చక్రాల కుర్చీలో తోసుకెళ్ళారు కాబట్టి దాన్ని ఎవరూ విప్పమనలేదట.

ఇంటికొచ్చాక వీరవేణమ్మ మెట్టు దగ్గర చతికిలబడింది. నా జోడుని చేతిలోకి తీసుకుని, చీరకొంగు తడిపి, మట్టంతా తుడిచింది. లోపలికి తీసుకెళ్ళి, దేవుడి గూడు ఎదురుగానే, కోడలి కుడికాలికి తన చేత్తో తొడిగింది.

"ఏసుకోమ్మా. దేవుడేం అనుకోడు," అంది.

ఆ మాట మమ్మల్ని కొత్తగా కొన్నప్పుడే అని ఉంటే నేనూ లోపలే ఉండేదాన్ని. గుమ్మం బయట, మెట్టు మీద, ఒక్కదాన్నే వింటున్నాను.