చప్పుడు చేయని స్టూలు

తలుపు గడియకు పాత బనీను గుడ్డ చుట్టి, బుగ్గయ్య ఇనుప స్టూలును తిరగేశాడు. కాళ్ళకు తొడిగిన సైకిల్ ట్యూబు ముక్కల్లో ఒకటి ఊడి వస్తున్నది. దాన్ని దారంతో బిగించి కట్టాడు. అంతమాత్రం వంగినందుకే ఊపిరి అందక గోడ పట్టుకున్నాడు.

చిక్కడపల్లి సందులో, మూతపడిన ప్రెస్సు మీది ఆ చిన్న హాలుకు పాటల కోసం ఎవరూ రారు. అక్కడ వీణ తీగను గులకరాయితో రాస్తారు, ఖాళీ సీసాలోకి ఊదుతారు, మధ్యలో చాలాసేపు ఏమీ వాయించరు. ఆ నిశ్శబ్దమూ సంగీతమే. వాన పడితే మురిసిపోతారు. మనిషి దగ్గితే వెనక్కి తిరిగి చూస్తారు. ఫ్యాన్లు ఆపడం, సందులో హారన్ కొట్టే ఆటోలను బతిమాలి పంపడం, తలుపు దగ్గర కదలకుండా కూర్చోవడం బుగ్గయ్య పని. మహబూబ్‌నగర్ నుంచి వలస వచ్చి, కంకర మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు అప్పగించిన మనిషికి మిగిలిన పని అదొక్కటే. ఉండడానికి మెట్ల కింది గదిని ఆ పనితోపాటే ఇచ్చారు.

కిందటి కచేరీలో అతడు దగ్గాడు.

"ఇయ్యాల రికార్డింగ్ ఉన్నది బుగ్గయ్యా," హాలు మేనేజర్ కిషన్ రావు హెచ్చరించాడు. "దగ్గు వినొస్తే రేపు గది ఖాళీ చెయ్యాలె. మల్ల నన్ను అనకు."

"దగ్గను సార్. నోట్ల తువ్వాల పెట్టుకుంట."

అశోక్‌నగర్ హాస్టల్లో అంట్లు తోమి వచ్చిన భార్య కురుమమ్మ మెట్ల దగ్గర అడ్డం నిలిచింది. "పోకు. నారాయణగూడల డాక్టర్‌కు చూపిద్దాం నడువు."

"రేపు పోదాం తియ్. నోరు మూస్కోని కూసునే పనే కద."

"నేను మూస్కోమంటె ఎన్నడన్న మూసినవా?"

అతడు నవ్వబోయి, దగ్గు వస్తుందని ఆగాడు.

ఆ సాయంత్రం కచేరీ చేస్తున్న రాగిణి వయొలిన్ మీద కమానును ఆనీ ఆననట్టు లాగుతూ, ఆ సన్నని ధ్వనిని కూడా ఆపేసింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. బుగ్గయ్య ఛాతీలో గరగర లేచింది. తువ్వాలను పళ్ళ మధ్య కుక్కుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడియ తీసి, స్టూలుతో సహా బయటికి వెళ్ళి, తలుపు మూసి దానికే ఆనుకొని కూర్చున్నాడు. అతడు దగ్గలేదు.

తలుపు చెక్కలోంచి గరగరమంటూ ఒక దీర్ఘశ్వాస లోపలికి వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. తలుపు వెనుక స్పీకర్ పెట్టారనుకొని శ్రోతలు కళ్ళు మూసుకున్నారు. రాగిణి కమాను పైకెత్తి పట్టుకొని వింటున్నది. అది ఎవరి ఊపిరో కిషన్ రావు ఒక్కడికే తెలుసు. అతడు రికార్డింగ్ యంత్రం మీది ఎర్రదీపం వైపు చూశాడు. లేవలేదు.

శ్వాసకూ శ్వాసకూ మధ్య ఎడం పెరిగింది. చివరికి ఒకదాని తరువాత ఇక మరొకటి రాలేదు. వాళ్ళు దాన్ని ముగింపు అనుకున్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ తరువాత తలుపు తోస్తే తెరుచుకోలేదు. అవతల మనిషి బరువు ఉన్నది.

రికార్డింగ్‌లోంచి ఏమీ తీసెయ్యలేదు. కురుమమ్మ సామాను బయట పెట్టించి, మెట్ల కింది గదికి కొత్త తాళం వేశారు.

తరువాతి కచేరీకి తలుపు దగ్గర పనికి వచ్చిన కొత్త మనిషి ఇనుప స్టూలును కాలితో తలుపు పక్కకు నెట్టాడు. అది చప్పుడు చేయలేదు.