పెట్రా బాతుకి చివరి గడి

మూడో పీరియడు డ్రాయింగు క్లాసు. పిల్లలు వచ్చేసరికే పెట్రా నోవాక్ గీసిన పెద్దబాతు కాగితంలోంచి దిగి, కిటికీ కింద హీటరు దగ్గర రెక్కలు కాచుకుంటూ ఉండేది. అమెరికా ఉత్తరాన ఉన్న దులూత్‌లో నవంబరు చలి బొమ్మలకైనా చలే. క్యాంటీను ఆవిడ దానికోసం రొట్టె అంచులు దాచిపెట్టేది. గదులు ఊడ్చే ముసలాయన మాత్రం, "సిరా కాళ్ళతో తిరగొద్దని చెప్పమ్మా దానికి," అని పెట్రా మీద గొణిగేవాడు.

పక్క బల్ల ఐలీ లాహ్టీది. ఐలీ గీసిన పోస్టుమాన్ సెప్టెంబరు నుంచీ కాగితంలోనే ఉన్నాడు. రెప్ప కూడా వాల్చలేదు. "ఒక్కసారి కదలవయ్యా," అని ఎన్నిసార్లు బతిమాలుకుందో.

"అంత ఏడుపెందుకే? బాతు నీ శాండ్‌విచ్ తినేసిందా?" అనేవాడు వెనకబల్ల కోల్.

ఏడుపే మరి. పొద్దువాలి సరస్సు మీద మంచు మొత్తం గులాబీరంగైపోయిన సాయంత్రం కూడా ఐలీకి ఆ బాతు వయ్యారమే కళ్ళలో మెదిలేది.

ఆవేళ హాల్వర్సన్ మాస్టారు చెప్పారు. "నవ్వించే స్టోరీబోర్డు. ఆరు గడులు. ఐదు మీవి, ఆరోది పక్కవాళ్ళు గీయాలి. సిరాతోనే, చెరపడాల్లేవు. గెలిచినవాళ్ళకి మినియాపొలిస్‌లో వేసవి కార్టూను శిక్షణకి సీటు. ఒక్కటే ఉంది."

ఆ సీటుకోసం ఐలీ కలలో కూడా గీస్తోంది.

పెట్రా ఐదు గడుల్లో బాతు టై కట్టుకుని, చేతిలో గుమ్మడికాయ కేకు పట్టుకుని, పక్షిని వండి వడ్డించే థాంక్స్‌గివింగ్ విందుకి వెళ్ళింది. ఐదో గడిలో, "ఏం వండుతున్నారు?" అంటూ వంటింట్లోకి తొంగిచూసింది.

"బాగా ముగించవే," అని పెట్రా కాగితం జరిపింది. ఏ అనుమానమూ లేదు ఆ పిల్లకి. అదే ఐలీని ఇంకా మండించింది.

గీసింది. పెద్ద గిన్నె. కింద మంట. పక్కన మూత పట్టుకుని వంటావిడ.

గీసింది జరగాల్సిందే, బొమ్మల పద్ధతి అది. బాతు హీటరు దగ్గర్నుంచి లేచి, టై సర్దుకుని, బల్లెక్కి ఆరో గడిలోకి నడిచింది. ఒక కాలు గిన్నెలో పెట్టింది.

"ఐలీ, అది దిగుతోందే," అంది పెట్రా.

బాతు ఐలీ వైపు చూసింది, పిలిచిన ఇంటావిడని చుట్టం చూసినంత మర్యాదగా.

కసి తీరితే తియ్యగా ఉంటుందనుకుంది ఐలీ. లేదు. నోరంతా చేదు. చెరపడానికి లేదు, కలపడానికే ఉంది. గబగబా బాతు నెత్తిన స్నానం టోపీ పెట్టింది. వంటావిడ చేతికి వీపు రుద్దే బ్రష్షిచ్చింది. సగం మంటని సిరాతో నల్లగా పూసేసింది. సబ్బు వేసింది, నురగ వేసింది, ఇంకా నురగ.

బాతు గిన్నెలో హాయిగా కూర్చుని కళ్ళు మూసుకుంది. నీళ్ళు ఇంకాస్త కాగాలన్నట్టు ముక్కుతో గిన్నె అంచు టకటకా కొట్టింది.

కోల్ స్టూలు మీంచి జారిపడ్డాడు. నవ్వీ నవ్వీ అందరికీ కళ్ళలో నీళ్ళు. ఆ గోలలో నురగ గడి దాటింది. బుడగలు ఒక్కొక్కటే కాగితం వదిలి పైకప్పుకి తేలిపోయాయి.

మాస్టారు కళ్ళద్దాల మీద పగిలిన బుడగని తుడుచుకున్నారు. శిక్షణ ఫారం మీద పెట్రా పేరు సగం రాసేసి ఉంది. కొట్టేసి, "నవ్వు ఆరో గడిలో వచ్చింది," అని ఐలీ పేరు రాశారు.

పెట్రా బుడగల్నే చూస్తోంది. ఆ చూపు ఐలీకి బాగా తెలుసు, ఇన్నాళ్ళూ అది తన చూపే.

"నీ పెన్నొకసారి ఇవ్వవే," అంది పెట్రా.

ఐలీ ఇచ్చింది. పెట్రా దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, లోపల ఏముందోనని చాలాసేపు చూసింది.