తునికాకు తస్బీహ్

వరసకు నాకు తమ్ముడయ్యే మౌలాలి తన కూతురు ముబీనాను తెచ్చి నా ముందు కూర్చోబెట్టి, మే నెలాఖరు దాకా గడువు పెట్టాడు. ఆలోగా పిల్ల ఖురాన్‌లోని ఐదు సూరాలు తప్పు లేకుండా చదవాలి. చదవకపోతే ఖమ్మంలో ఆడపిల్లల మదర్సాలో చేర్పించి, అక్కడే హాస్టల్లో ఉంచేస్తాడట.

"తొమ్మిదేండ్ల పిల్లరా అది," అన్నాను.

"అయితె ఏంది ఆపా? ఏడేండ్లోళ్లు గూడ ఉంటున్నరు ఆడ."

వాడి భార్య గౌసియా గుమ్మం దగ్గరే నిలబడి నా వంక చూసింది. ఆ చూపుకు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

మాది దమ్మపేట. నూర్‌బాషా కుటుంబాలు పదీ పన్నెండు ఉంటాం. దూది పని చేసే ఇళ్లు మావి. మౌలాలికి పరుపులు కుట్టే దుకాణం ఉంది. మా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. నేను అంగన్‌వాడీలో చేసి చేసి మానేశాక, వేసవి సెలవుల్లో మా వసారాలో పిల్లలకు దీన్ గురించి, అంటే మా మతం గురించి చెబుతున్నాను. ముబీనా అంతకు ముందు ఇంకోచోట నేర్చుకునేది. అక్కడి ఉస్తాద్ అంతా ఉర్దూలోనే చెప్పేవాడు. పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకరోజు ధైర్యం చేసి ఏదో అడిగితే, దాని ఉర్దూ విని తోటి పిల్లలు పడీ పడీ నవ్వారట. అప్పట్నుంచి పాఠం అంటే చాలు, నోరు కుట్టేసుకుంటుంది.

నేను మాత్రం ఏం పొడిచాను? రంగురంగుల చార్టులు గోడకు అంటించాను. ఫోన్లో బొమ్మల వీడియోలు పెట్టాను. మిగతా ఏడుగురూ వీడియోలో ఒంటె వచ్చినంతసేపు చూసి, ఒంటె పోగానే గేమ్ పెట్టమన్నారు. ముబీనా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని చాప పీకుతోంది. నాకు ఒళ్లు మండింది.

"నోరు లేదా నీకు?" అని అరిచేశాను.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల నోరు మూయించాడని ఆ ఉస్తాద్‌ను ఊరంతా తిరిగి తిట్టిన దాన్ని నేనే. ఇప్పుడు నేనూ అదే పని చేశానని సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున జంపక్క మంచినీళ్లకని మా వసారాలో ఆగింది. పక్క గూడెం మనిషి. తెల్లారక ముందే అడవికి పోయి బీడీలు చుట్టే తునికాకు తెంపుకొస్తోంది. తల మీది మూట దింపగానే పచ్చి ఆకు వాసన గుప్పుమంది. నా మనసు ఒక్కసారిగా మా అమ్మమ్మ, మదారుబీ నానీ దగ్గరికి పోయింది.

మా నానీకి చదువు రాదు. వాళ్ల నాన్న నోటి నుంచి విని నేర్చుకున్నవే అన్నీ. ఎండాకాలం వస్తే ఆమె కూడా అడవి నుంచి ఆకు తెచ్చేది. మనవలం నలుగురం చుట్టూ చేరి కట్టలు కట్టేవాళ్లం. యాభై ఆకులు ఒక కట్ట. సాయంత్రం వాటిని ఆకు కొనే కల్లం దగ్గర అప్పజెప్పాలి. మేం ఒకటీ రెండూ అని లెక్క మొదలుపెడితే నానీ ఒప్పుకునేది కాదు.

"అంకెలు ఎవరైన లెక్కపెడ్తరు. మీరు అల్లాను తలుసుకుంట లెక్కపెట్టున్రి," అనేది.

ఇద్దరిద్దరం జత. ఒకరు ఆకు పేరుస్తుంటే ఇంకొకరు వేలి కణుపులు లెక్కిస్తూ తస్బీహ్, అంటే అల్లా స్మరణ చదవాలి. ముప్పైమూడు ఆకులకు సుబ్‌హానల్లా, ముప్పైమూడింటికి అల్‌హందులిల్లా, ముప్పైనాలుగింటికి అల్లాహు అక్బర్. మొత్తం వంద, అంటే రెండు కట్టలు. నార ముడి వేసే కాస్త వ్యవధిలో నానీ కథ చెప్పేది. యూసుఫ్ నబీ అనే ప్రవక్తను అన్నలు బావిలో తోస్తారు. అంతలో ముడి పడిపోతుంది. "తర్వాత ఏమైంది నానీ?" అంటే, "ఇంకో రెండు కట్టలు కానీ," అనేది. ఆ బావిలోంచి ఆయన్ను పైకి లాగడానికి మాకు మూడు రోజులు పట్టింది. యూనుస్ నబీని మింగిన చేప గోదావరిలోదే అని చాలా ఏళ్లు నమ్మాను. భద్రాచలం వంతెన మీద బస్సు పోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి వెతికేదాన్ని. అంత తియ్యగా నాకు మళ్లీ ఎవరూ ఏదీ నేర్పలేదు.

ఒకరోజు నా పెద్దమ్మ కొడుకుల మీద గెలవాలన్న పంతంతో తొందరపడ్డాను. మూడోదైన అల్లాహు అక్బర్‌ను కూడా ముప్పైమూడుతోనే ఆపేస్తూ పోయాను. దాంతో ప్రతి రెండో కట్టలోనూ ఒక ఆకు తక్కువ. నానీ కట్టలను కల్లంలో ఎవరూ విప్పి చూసేవాళ్లు కాదు, అంత నమ్మకం. ఆరోజు ఎందుకో ఒకటి విప్పారు. నలభైతొమ్మిది. ఇంకోటి విప్పారు, అదీ అంతే. నానీ తెచ్చిన మొత్తం పక్కకు పెట్టేశారు. నలుగురి ముందు ఆమె ముఖం వాడిపోయింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. కూర్చోబెట్టి, కట్టలన్నీ విప్పించి, తగ్గిన ప్రతి దాంట్లో నా చేతనే ఆకు పెట్టించింది.

నేను ఏడుస్తూ, "అల్లా నన్ను కొడ్తడా నానీ?" అన్నాను.

"నీ ఒక్క మాట తగ్గితే అల్లాకేం తక్కువ గాదు బిడ్డా. ఈ ఆకు మాత్రం కొనుక్కున్నోనికి తక్కువైతది. కొలిచి ఇచ్చేకాడ తగ్గించి ఇచ్చేటోళ్లంటె అల్లాకు ఎంత కోపమో ఒక సూరానే ఉంది. ఇగ విను," అని దాన్ని తెలుగులో చెప్పింది. ఆ సూరా నేను ఈరోజుకీ మర్చిపోలేదు.

జంపక్క నీళ్లు తాగి లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "ఆ ఆకు మా పిల్లలతోని కట్టిస్తనక్కా, ఈడనే ఉంచు."

"లెక్క తప్పితె నా మాట పోతది మరి," అంది.

"తప్పనియ్య."

చార్టులు పీకేశాను. ఫోన్ లోపల పడేశాను. పిల్లలు ఆకుల మీద ఎగబడ్డారు. ముబీనా మొదటి రోజు ఆకులు పేర్చింది, అంతే. రెండోరోజు పెదవులు కదిలాయి. మూడోరోజు యూసుఫ్ నబీని బావి దగ్గర ఆపేసి నార చుడుతుంటే, "తర్వాత ఏమైంది ఆపా?" అని వినిపించింది. ఎవరా అని చూస్తే ముబీనా. నేను లోపలికి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుని వచ్చాను. ఆకు కోత అయిపోయినా పిల్ల నోరు మూతపడలేదు. కథల తర్వాత సూరాలు ఎత్తుకుంటే, ప్రతిదానికీ అర్థం అడిగి మరీ నేర్చుకుంది. నా నలభైతొమ్మిది ఆకుల కథ నాలుగుసార్లు చెప్పించుకుంది.

నెలాఖరున మౌలాలి వచ్చాడు. గౌసియాతో పాటు ఇంకో ఇద్దరు తల్లులు కూడా వచ్చి కూర్చున్నారు. ముబీనా నాలుగు సూరాలు గడగడా చదివింది. ఐదోదాంట్లో మధ్యలో ఆగిపోయింది. నేను అందించబోతే మౌలాలి చెయ్యెత్తి వారించాడు.

"నాలుగే," అన్నాడు.

పిల్ల తలెత్తింది. "అబ్బాజాన్, నేనొకటి అడుగుత. కట్టల ఒక్క ఆకు తక్కువైతెనే తప్పంట గద. మరి మనం కొత్త దూది అని చెప్పి పరుపుల పాత దూది కలుపుతం గద, అది గూడ తప్పేనా?"

గౌసియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మౌలాలి ముఖం కందగడ్డ అయింది. పిల్ల రెక్క పట్టుకుని దిగి వెళ్లిపోయాడు. అయిపోయింది, నా చేతులతో నేనే పిల్లను ఖమ్మం బస్సు ఎక్కించాను అనుకున్నాను. భయమేసింది. అబద్ధం ఎందుకు, గర్వంగా కూడా అనిపించింది. ఆ క్షణాన మా నానీ పక్కన ఉంటే బాగుండునని మనసు కొట్టుకులాడింది.

మర్నాడు ఖమ్మం బస్సు వేళ దాటాక మౌలాలి మా గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు నిండా దూది పీచు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాడి వెనక ముబీనా పుస్తకం పట్టుకుని నిలబడింది.

"పొద్దుగాల్నుంచి పరుపులు ఇప్పుతున్న ఆపా," అన్నాడు. కూతుర్ని ముందుకు తోశాడు. "ఇది ఈడనే చదువుకోనీ. దీన్ని ఖమ్మం తోలితె, ఇంట్ల నన్ను అడిగేటోళ్లు ఎవరుంటరు?"