సర్పంచ్ గారు చేతులు కడుక్కున్నారు

నింగేవాడి సర్పంచ్ అన్నాసో మగ్దూమ్‌కు మరో ఐదేళ్ళు ఊరిని ఉద్ధరించాలని బుద్ధి పుట్టింది. ఉన్న ఐదేళ్ళలో ఆయన ఉద్ధరించింది తన మేడనూ, బావమరిది కంకర మిల్లునూ. ఆయన వెనకే పాత సభ్యులు ఇద్దరు. గుండోపంత్ మీటింగుల్లో చెయ్యెత్తడం తప్ప ఇంకో పని ఎరగడు. రాజక్కకు ఆ శ్రమ కూడా లేదు, ఆమె బదులు మొగుడే వెళ్ళి ఎత్తి వచ్చేవాడు. ఈ ముగ్గురు రత్నాలూ కలిసి ఒక ప్యానెల్. ఎన్నికల గుర్తుల పంపకంలో వాళ్ళకు కుళాయి వచ్చింది. సిగ్గున్నవాళ్ళయితే ఆ కాగితం అక్కడే పారేసి వచ్చేవాళ్ళు. వీళ్ళు మేళం పెట్టుకుని మరీ వచ్చారు. మూడో వార్డు గోడల నిండా కుళాయి బొమ్మలు గీయించారు. ఆ వార్డు కుళాయిలో చుక్క నీరు రాలి నాలుగేళ్ళ పదకొండు నెలలు.

మొదటిరోజు వచ్చిన మాట నిజమే. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు, ఆడవాళ్ళు దోసిళ్ళతో తాగారు. ఆ నీళ్ళు ట్యాంకర్‌తో తెచ్చి పోయించినవని మర్నాడు పొద్దున తెలిసింది. అప్పట్నుంచీ దాన్ని తిప్పితే బుస్సుమని గాలి. పోనీ ఎదుటి ప్యానెల్ వాళ్ళయినా నయమా అంటే, వాళ్ళ పెద్దమనిషి అంతకుముందు పదేళ్ళు ఊరిని నమిలి మింగినవాడే.

మూడో వార్డులో అక్కాతాయి పాటోళే మాట చెల్లుతుంది. పొదుపు సంఘానికి ఆమే పెద్ద. పోయినసారి బేల్-భండారా పళ్ళెం పట్టుకుని ముప్పై ఇళ్ళ ఆడవాళ్ళ చేత అన్నాసోకు ఓటు ప్రమాణం చేయించింది ఆమే. మారేడాకు మీద ఖండోబా దేవుడి పసుపు, అదే భండారా, పోసి పిడికిట ఎత్తి మాటిస్తే ఆ ఊళ్ళో ఇక తిరుగు లేదు. ఓట్ల పెట్టె దగ్గర ఎవరూ చూడకపోయినా ఖండోబా చూస్తాడు. అందుకే నిన్న మధ్యాహ్నం అన్నాసో ఒంటరిగా వచ్చి ఆమె వసారాలో కూర్చుని అటుకుల పోహే రెండు పళ్ళేలు లాగించాడు.

"వదినా, ఈసారి కూడా పళ్ళెం నువ్వే పట్టాలి."

"ఏ మొహం పెట్టుకుని పట్టను? ఆ కుళాయి మీద ఎదురింటి రఖ్మాబాయి చీరలు ఆరేస్తోంది."

అన్నాసో గొంతు తగ్గించాడు. "వీధి సంగతి తర్వాత. నా బోరు నుంచి నీ ఇంటివరకూ పైపు వేయిస్తా. నీ ఒక్క ఇంటికే. వారం తిరక్కుండా నీ వంటింట్లో నీళ్ళు. కోడలు చూస్తే నిండు మనిషి."

అక్కాతాయి కోడలు సారికకు ఎనిమిదో నెల. బరువులెత్తొద్దని డాక్టరమ్మ రెండుసార్లు తిట్టింది. కానీ గుట్ట కింది బావి మైలు దూరం. అత్తకు మోకాళ్ళు వంగవు, మొగుడు చెరకు ట్రాక్టర్ మీద పోతే మూడో రోజుకుగానీ తిరిగి రాడు. రోజూ సారిక నడుం మీద చెయ్యేసుకుని ఆ గుట్ట ఎక్కి వస్తుంటే అక్కాతాయికి ప్రాణం గిలగిల్లాడుతుంది. ఊరు ఎలాగూ బాగుపడదు, నా పిల్లయినా బతకనీ అనుకుంది. సరేనంది. అని, ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్నే వీధిలో ఆడవాళ్ళంతా చేరారు. పళ్ళెం, పసుపు, మారేడాకులు అన్నీ అన్నాసోయే తెచ్చాడు. తెల్ల టోపీ సర్దుకుని అభివృద్ధి మీద ఉపన్యాసం దంచాడు. రాజక్క మొగుడు చప్పట్లు కొట్టాడు. తర్వాత అన్నాసో పళ్ళెం వైపు చెయ్యి చాచి, గబుక్కున ఆగాడు.

"కడుక్కోకుండా భండారా ముట్టకూడదు కదా."

"ఎదురుగా మీ కుళాయే ఉందిగా, అందులో కడుక్కోండి!" అంది రఖ్మాబాయి. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

అన్నాసో కూడా నవ్వేశాడు. తోలు మందమైనవాడికి అదో సుఖం. "ఓ కోడలా, ఒక బిందె పట్రామ్మా!" అని అక్కాతాయి ఇంట్లోకి కేకేశాడు.

సారిక బిందె చంకనెత్తుకుని వచ్చింది. పొద్దున బావి నుంచి తెచ్చింది అదొక్కటే. ఆయన దోసిలి పట్టాడు, ఆమె వంగి పోసింది. చేతులు కడుక్కున్నాడు. తాంబూలం ఉమ్మి నోరు పుక్కిలించాడు, ఒకటికి మూడుసార్లు. అంతటితో ఆగాడా మహానుభావుడు! చెప్పులు విడిచి కాళ్ళు ముందుకు చాపాడు. మడమలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ, "పొయ్యి తల్లీ, పొయ్యి. ఊళ్ళో ఒకటే దుమ్ము" అన్నాడు. తర్వాత గుండోపంత్, ఆ తర్వాత రాజక్క మొగుడు. సారిక వంగి వంగి, చివరికి గోడ పట్టుకుని నిలబడింది. బిందె ఖాళీ. నీళ్ళన్నీ కాలవ కట్టి కుళాయి దిమ్మ కిందికి పోయాయి.

అక్కాతాయికి ఒళ్ళు మండిపోయింది. ఆ బిందె వెనక ఉన్న గుట్టంతా ఆమె కళ్ళముందు కదిలింది.

"అరె, అయిపోయాయా?" అన్నాడు అన్నాసో పంచె అంచుతో చేతులు తుడుచుకుంటూ. "దిగులు పడకమ్మా. వారంలో మీ వంటింట్లోకే పైపు వస్తుందిగా. మీ అత్తకు నిన్ననే మాటిచ్చా."

ఒక్కొక్క తలే అక్కాతాయి వైపు తిరిగింది.

"మీ ఒక్క ఇంటికేనా, అక్కా?" అంది రఖ్మాబాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పచ్చి అబద్ధం ఆడదామని అక్కాతాయి నోటిదాకా వచ్చింది. ఆడలేకపోయింది. "మా ఒక్క ఇంటికే," అంది. "మీ ముప్పై ఇళ్ళ మాటా నిన్న ఆ పైపుకు అమ్మేశా. గడ్డి తిన్నాను."

"అదేం మాట వదినా!" అన్నాసో పళ్ళికిలించాడు. "ఆలోచించి మాట్లాడు. నెల పోతే పురుడు. పైపు కావాలా వద్దా?"

అక్కాతాయి సారిక వైపు చూసింది. సారిక ఖాళీ బిందె నేల మీద బోర్లించి, దానిమీద చతికిలబడి, పాదాలు నొక్కుకుంటోంది. పైపు వద్దనడం ఆ పిల్ల నెత్తిన మళ్ళీ బిందె పెట్టడమే.

"రేపట్నుంచి నేనే పోతానే బావికి," అంది అక్కాతాయి.

"మోకాళ్ళో, అత్తా?"

"దేకుతా."

ఆమె ముందుకొచ్చి మారేడాకు తీసింది. దానిమీద పసుపు పోసి, పిడికిలి బిగించి తలదాకా ఎత్తింది. "ఖండోబా సాక్షిగా కుళాయి గుర్తుకు నేను ఓటెయ్యను. చచ్చినా ఎవరిచేతా వేయించను."

అన్నాసో మొహంలో నెత్తురు చుక్క లేదు. పళ్ళెం ఆయనది, పసుపు ఆయనది, లాక్కుందామంటే ఎత్తిన భండారా ముట్టుకునే ధైర్యం లేదు. గుండోపంత్ మాత్రం ఒక దారి దొరికిందని ఎగిరి గంతేశాడు. "చెల్లదు, చెల్లదు! చేతులు కడుక్కోకుండానే ఎత్తింది!"

"మా వీధిలో నీళ్ళు లేవని ఖండోబాకు తెలుసురా," అంది అక్కాతాయి. "తెలియంది మీకే."

రఖ్మాబాయి అప్పటికే కడగని పేడచేత్తోనే పళ్ళెం తనవైపు లాక్కుంటోంది.