పురుటింటి క్రిందఁ బాఱిన జల

రోహిణికార్తెలో రోళ్లు పగులునని లోకు లూరక యనలేదు. ప్రచండమార్తాండకిరణసంతప్తంబులై నల్లరాతిబండలు సెగలు గ్రక్కుచుండ దావానలభస్మధూసరితంబులైన కొండకోనలయందుఁ బక్షులు ఱెక్కలు చాఁచి నోళ్లు తెఱచి నీడనుండి నీడకుఁ దారాడుచుండ వాయుదేవుఁడు సైతము కొలిమితిత్తి నోటినుండి వెడలినవాఁడుంబోలె వీచుచున్న యా జ్యేష్ఠమాసమున నెఱ్ఱగుండదుర్గ మంతయు మధ్యాహ్నవేళ మాటు మణఁగి యుండెను.

ఆ దుర్గరక్షకుఁడైన బొల్లమనాయని యిల్లాలు మైలాంబ నిండుచూలాలు. క్రిందటి యేఁట నిదే కార్తెయం దామెకుఁ దొలిచూలు కొడుకు పుట్టెను. ఆ యింటి యాచారము చొప్పునఁ బురుటిగది కిటికీలు మూసి గవాక్షములకు గుడ్డలు దోపి మంచము క్రిందఁ గుంపటి పెట్టి తల్లిని బిడ్డను నందుంచిరి. చంద్రబింబమువంటి యా శిశువు వేఁడిమికి వాడి వాడి బారసాలకు ముందే కన్ను మూసెను. పేరైనఁ బెట్టని బిడ్డకై యేడ్వఁగూడదని పెద్ద లామె నోరు మూయించిరి. పురోహితుఁడు విధివ్రాఁత యనియెను. దాసి గ్రహబాధ యనియెను. కాలుచున్న యా చిన్నిమేనిని జేతులలోఁ బట్టుకొని కూర్చుండిన మైలాంబకు మాత్రము వ్రాఁతయుఁ గాదు గ్రహమునుఁ గాదు ఆ గది వేఁడిమియే తన బిడ్డను మ్రింగినదని తెలియును. కడుపుకోత యామెది గదా!

కావున నీ తడవ బిడ్డను బ్రదికించుకొని తీరెదనని యామె పట్టు పట్టెను. గదిని జల్లపఱుపవలయునని యత్తగారైన కుందమాంబతోఁ బలుకఁగా నా వృద్ధ యుగ్రురాలై "ఓసి కోడలా! బాలింతరాలికిఁ జన్నీరు సోఁకిన సంధి పుట్టును. గాలి తగిలిన వాతము పట్టును. మా యత్తలకు మామ్మలకుఁ బనికివచ్చిన గది నీకుఁ బనికిరాదా? నీవేమైన నాకాశమునుండి యూడిపడితివా?" యని కసరెను.

మైలాంబ తల వంచుకొని "అత్తా! మీ మాట జవదాఁటను. నీరు నా మేనికి సోఁకనీయను. కిటికీ తెఱవను. నేల క్రింద నీరు పాఱరాదని మాత్రము పెద్దలెవ్వరును జెప్పలేదు గదా!" యనియెను.

కుందమాంబ విసవిస నడచి లోపలికిఁ బోయెను. అట్టి మాటకుఁ బ్రత్యుత్తర మామె యత్తగారు నేర్పి యుండలేదు.

ఆ యింటికి మీఁది కోనలో సూర్యరశ్మి చొరని గుహ యొకటి కలదు. అందలి రాతిచఱియలనుండి యనవరతము స్రవించు జలలోఁ జేయి పెట్టిన వ్రేళ్లు కొంకర్లు పోవును. మైలాంబ భర్తను బ్రతిమాలి పనివాండ్రఁ బిలిపించి యా జలనుండి యింటివఱకుఁ గాలువ త్రవ్వించి పురుటిగది నేలబండల క్రిందుగా నీటిని మలపించి పెరటి యరఁటిచెట్లకు విడిపించెను. తీరఁ జూచిన నెండలో నంత దూరము పాఱి వచ్చిన నీరు మధ్యాహ్నమునకుఁ గాఁగునీరై నేలబండలను మఱింత వెచ్చఁజేసెను. "నా కోడలు నేర్పరి సుమీ! కుంపటి పెట్టు శ్రమ నాకుఁ దప్పించినది" యని కుందమాంబ యెగతాళి చేసెను. దాసీజనము కొంగులు నోటఁ గ్రుక్కుకొని నవ్వెను. నాయఁడు సైతము "చాలును. ఇఁక నీ పిచ్చి మానుము" అనియెను.

మైలాంబ కన్నులఁ దిరిగిన నీరు ఱెప్పలమాటుననే యింకిపోయెను. "నీరు చల్లనిదే. త్రోవ వేఁడిది. త్రోవను మార్చెదను" అని కుమ్మరులచే మట్టిగొట్టములు చేయించి నిలువులోఁతు నేల త్రవ్వించి వానిఁ బాఁతించి యొక్కొక్క యతుకునకును దాను దగ్గఱ నిలిచి సున్నము పట్టించెను. నెలలు నిండిన యొడలితో నా యెండలోఁ గొండ యెక్కి దిగుచున్న యామెను జూచి పనివాండ్రు "మొండివాఁడు రాజుకంటె బలవంతుఁ డందురు. ఈ తల్లికిఁ గొండయే దారి యిచ్చునురా!" అనుకొనిరి. సున్నమాఱిన వెనుక నీరు విడిచిరి. ఆ సాయంకాలమే యామెకు నొప్పులు వచ్చెను.

ఆఁడుబిడ్డ పుట్టెను. మఱునాఁటి మధ్యాహ్నము వెలుపల నిప్పులు చెరుగుచుండఁ గుందమాంబ యాచారము తప్పరాదని కుంపటి చేతఁబట్టుకొని పురుటిగదిలో నడుగు పెట్టెను. పెట్టిన యడుగు పెట్టినట్లే నిలిచెను. నేలబండ చల్లఁదన మామె యరికాళ్లనుండి మోఁకాళ్లవఱకుఁ బ్రాఁకెను. మడఁత పెట్టిన చీరమీఁద శిశువు పాలు త్రాగి గుండె మీఁదఁ జేయి వేసికొని నిద్రించుచుండెను. వృద్ధ కుంపటిని వాకిటికి నెట్టి వంగి మనుమరాలి నుదుట నఱచేయి వెనుకతట్టు నానించెను. నుదురు చల్లఁగా నుండెను. ఆమె నేలమీఁదఁ గూలఁబడి కొంగు మొగమునఁ గప్పుకొని వెక్కి వెక్కి యేడ్చెను.

"ఏమి యత్తా! ఏమయినది?" యని మైలాంబ తొట్రుపడి లేచెను.

"ఈ గదిలోనే నాకు నిద్దఱు పోయిరే తల్లీ! తొలిచూలు కూఁతురు. దాని వెనుక నొక కొడుకు. పేరు లేని బిడ్డలను నేమని పిలిచి యేడ్తును? కర్మమని నోరు మూసికొంటిని. నీ బిడ్డ పోయినప్పుడు నీ నోరును మూయించితిని. వేఁడిమి వలననే యని యొప్పుకొంటినా నా బిడ్డలను నేనే చంపుకొన్నదాన నగుదునని భయపడితినే!"

మైలాంబ యామె చేయి పట్టుకొని "వేఁడిమి వలననే యని మీకు నాఁడు చెప్పిన వారెవ్వరు? ఏడ్వుఁడు. నేనును నేడ్చెదను" అనియెను. అత్తయుఁ గోడలును దమ యిన్నాళ్ల దుఃఖమును నాఁడు తనివితీఱ నేడ్చిరి.

ఆచారము ప్రాణముఁ గాచుటకుఁ బుట్టినది. అది ప్రాణమునే హరింపఁజొచ్చిన దానికి వేఱొక త్రోవ త్రవ్వుటయుఁ బెద్దల సేవయే యగును.

ఎండలు తగ్గుముఖము పట్టకమునుపే బారసాల వచ్చెను. ముత్తైదువలు తొట్టెచుట్టును నిలిచి యుండ మైలాంబ శిశువును దెచ్చి యత్తగారి చేతులం దుంచి "పేరు మీరే పెట్టవలయును" అనియెను. కుందమాంబ బిడ్డ చెవికడ నోరుంచి "చందాంబికా!" యని పిలిచెను. అది యామె తన తొలిచూలు కూఁతునకుఁ బురుటికిఁ బూర్వమే యెన్నుకొని యెవ్వరితోను జెప్పక దాఁచుకొనిన పేరు. అన్నియేండ్లకు నాఁడది యొక బిడ్డ చెవినిఁ బడెను.